రైళ్లు నడవని రోజు

డిసెంబర్ 25న బ్రిటన్‌లో రైళ్లు నడవవు. లండన్‌లో భూగర్భ రైళ్లు, సిటీ బస్సులు కూడా ఆ రోజంతా డిపోల్లోనే ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు ఆ రోజు తెరవకూడదని 2004లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. వీధి చివర పాలూ బ్రెడ్డూ అమ్మే చిన్న కొట్టువాళ్లు ఇష్టమైతే తెరుస్తారు, లేకపోతే లేదు. నేనుండే రెడింగ్ పెద్ద జంక్షన్. లండన్ నుంచి పడమటికి పోయే బండ్లు ఇక్కడ ఆగకుండా పోవడం అరుదు. అలాంటి స్టేషన్‌లో ఆ రోజు బండ్లేవీ ఉండవు. ఎన్నేళ్లయినా నాకది ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన వైపు ఎవరికైనా ఈ సంగతి చెబితే, “క్రైస్తవ దేశం కదా, అనాదిగా అంతే అయుంటుంది” అంటారు. నిజానికి ఈ మూసివేతకు అరవై ఏళ్లకు అటూ ఇటూ వయసుంటుంది, అంతే. 1957 దాకా ఇంగ్లండ్‌లో క్రిస్మస్ నాడు ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు జోరుగా జరిగేవి. మ్యాచ్ చూసొచ్చి ఇంట్లో భోజనానికి కూర్చునేవాళ్లు. 1960 దాకా పోస్ట్‌మ్యాన్ ఆ రోజు కూడా ఉత్తరాలు పంచాడు. రైళ్లు 1960ల మధ్య దాకా ఎంతో కొంత నడిచాయి. స్కాట్లండ్‌లో అయితే 1958 వరకు క్రిస్మస్ అందరికీ సెలవు రోజే కాదు. అక్కడి చర్చి ఆ పండుగను ఒప్పుకోకపోవడంతో జనం సంబరమంతా కొత్త సంవత్సరానికే దాచుకున్నారు. గ్లాస్గోలో ఈనాటి వృద్ధుల్లో చాలామంది తండ్రులు డిసెంబర్ 25న మామూలుగా పనికి వెళ్లొచ్చినవాళ్లే.

ఇంకా వెనక్కి వెళ్తే, 1647లో లండన్ పార్లమెంటు క్రిస్మస్‌నే రద్దు చేసింది. రాజు మీద యుద్ధం గెలిచిన ప్యూరిటన్లు అనే కఠిన నిష్ఠ గల క్రైస్తవులకు అది బైబిల్లో ఆధారం లేని పండుగ, తాగి తందనాలాడే పండుగ. ఆ డిసెంబర్‌లో కాంటర్బరీ పట్టణంలో కొట్లు తెరవాల్సిందేనని అధికారులు పట్టుబట్టారు. జనం తిరగబడి, తెరిచిన కొట్ల మీద పడ్డారు. 1660లో రాజరికం తిరిగొచ్చాక గాని పండుగ మీద నిషేధం తొలగలేదు. ఆనాడు కొట్లు తెరవమని అధికారం, ఈనాడు మూయమని చట్టం. ఈ దేశ చరిత్రలో నేను మళ్లీ మళ్లీ తలుచుకునే ఘట్టం ఇది.

ఇప్పుడు మనం చూసే క్రిస్మస్ చాలావరకు పంతొమ్మిదో శతాబ్దంలో తయారైంది. దాన్ని తయారుచేసింది చర్చి కన్నా తపాలా, రైలు, అచ్చుయంత్రం అని నేను నమ్ముతాను. 1840లో ఒక్క పెన్నీ బిళ్లతో దేశంలో ఏ మూలకైనా ఉత్తరం పంపే ఏర్పాటు వచ్చింది. ఆ తపాలా సంస్కరణ కోసం పనిచేసిన హెన్రీ కోల్ అనే అధికారే 1843లో మొదటి క్రిస్మస్ కార్డు వేయించాడు. ఒక్కోటి షిల్లింగ్ కాబట్టి కూలివాడు కొనలేడు. 1870లో అర పెన్నీ తపాలా వచ్చాకే కార్డులు సామాన్యుల ఇళ్లకు చేరాయి. సంక్రాంతికి గ్రీటింగ్ కార్డులు కొనడానికి బుక్‌షాపుల ముందు నిలబడ్డ మన తరానికి ఆ మోజు ఎలాంటిదో ఒకరు చెప్పక్కర్లేదు. డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కేరల్’ కూడా 1843 డిసెంబర్‌లోనే వచ్చింది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మను ఒక లండన్ పత్రిక అచ్చువేసింది. చెట్టు ముచ్చట మధ్యతరగతి ఇళ్లకు పాకింది.

రైలు చేసిన పని వీటన్నిటికన్నా పెద్దది. పల్లెలు వదిలి మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లకు పండుగ పూట ఇంటికి వెళ్లి రావడం సాధ్యమైంది. సొంతూరికి ప్రయాణం పండుగలో భాగమైపోయింది. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లను చూసిన హైదరాబాదు వాళ్లకు, క్రిస్మస్ ముందటి శుక్రవారం ఇక్కడి మోటార్‌వేలు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

1932లో రేడియో ఈ పండుగకు ఒక ముహూర్తం పెట్టింది. ఆ ఏడాది డిసెంబర్ 25 మధ్యాహ్నం మూడు గంటలకు అయిదో జార్జి రాజు శాండ్రింగ్‌హామ్ ఇంటి నుంచి సామ్రాజ్యమంతటికీ మాట్లాడాడు. ప్రసంగం రాసిచ్చింది బొంబాయిలో పుట్టిన కిప్లింగ్. షార్ట్‌వేవ్ ప్రసారం వీలైనన్ని దేశాలకు అందాలని ఆ వేళ ఎంచుకున్నారు. మనకప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. గాంధీజీ యరవాడ జైల్లో ఉన్నారు, సత్యాగ్రహం చేసిన మనవాళ్లు వేలల్లో జైళ్లలో ఉన్నారు. ఆ రాజు గొంతు ఇక్కడి ముసలివాళ్లకు కుటుంబ జ్ఞాపకం. నేను ఆ కథ విన్నప్పుడల్లా ముందు ఆ జైళ్లే గుర్తొస్తాయి, గుర్తురావాలి కూడా. 1957 నుంచి ఆ ప్రసంగం టీవీలో వస్తోంది. ఇప్పటికీ మూడు గంటలకే.

టీవీ వచ్చాక దేశమంతా ఒకే వేళ ఒకే కార్యక్రమం చూసి, అది అయిపోగానే ఒకేసారి లేచి టీ పెట్టుకునే అలవాటు మొదలైంది. ఇక్కడి కరెంటు కెటిల్ ఒక్కోటి దాదాపు మూడు కిలోవాట్లు లాగుతుంది. నాలుగు లక్షల ఇళ్లలో కలిసి పెడితే 1,200 మెగావాట్లు, అదీ రెండు మూడు నిమిషాల్లో. అందుకే గ్రిడ్ ఇంజనీర్లు ఏ సీరియల్ ఎప్పుడు ముగుస్తుందో లెక్కలు కట్టేవాళ్లు. వేల్స్ కొండల్లో డినార్విగ్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. కరెంటు వాడకం తక్కువుండే రాత్రివేళ కింది చెరువు నీళ్లను పైకి తోడిపెట్టుకుని, అవసరమైన క్షణంలో వదులుతారు. సిద్ధంగా తిరుగుతున్న టర్బైన్లు పన్నెండు సెకన్లలో దాదాపు 1,300 మెగావాట్లు అందుకుంటాయి. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ నీళ్లను వెనక్కి తోడగల టర్బైన్లున్నాయి. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లు, ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు చూసుకుంటున్నారు కాబట్టి ఆ ఒక్కసారి పోటు తగ్గింది. దేశమంతా కలిసి ఒకే నిమిషంలో టీకి లేచే రోజులు పోతున్నందుకు నాకు బాధగానే ఉంది.

ఫోన్ అంటే మా పక్క ఊరు న్యూబరీ చెప్పి తీరాలి. ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబర్ 3న అక్కడికే వచ్చింది. నీల్ పాప్‌వర్త్ అనే ఇరవై రెండేళ్ల ఇంజనీరు కంప్యూటర్‌లో టైపు చేసి, పార్టీలో ఉన్న వోడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్‌కు పంపాడు. అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్ష. అందుకున్న ఫోన్‌లో జవాబు టైపు చేసే వీల్లేదు. హెన్రీ కోల్ కార్డుకూ ఈ మెసేజ్‌కూ మధ్య నూట నలభై తొమ్మిదేళ్లు.

ఇన్ని యంత్రాలు కలిసి అల్లిన పండుగ నాడు ప్రయాణం మాత్రం ఎందుకు ఆగింది? ప్రధాన కారణం సొంత కారు. 1960లలో చాలా ఇళ్లకు కార్లు వచ్చాయి, క్రిస్మస్ రైళ్లలో ఎక్కేవాళ్లు తగ్గారు, సిబ్బందికి సెలవు దక్కింది. ఖాళీ పట్టాల మీద మరమ్మతులు పెట్టుకోవడం ఆనవాయితీ అయింది. కార్మికుడికి ఏడాదిలో ఒక్క రోజైనా ఎవరూ కదిలించలేని సెలవు ఉండాలన్నది నాకు ఎంతో నచ్చిన సంగతి. మన షాపింగ్ మాల్స్‌లో పండుగ రోజు కూడా కాళ్లు పీకేలా నిలబడే ఆడపిల్లలను తలుచుకుంటే, అలాంటి చట్టం మనకూ కావాలనిపిస్తుంది. కానీ ఆ సెలవు భారం కారు లేనివాళ్ల మీద పడుతోంది. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసే నర్సులు తెల్లవారుజామున డ్యూటీకి ఎలా చేరాలి? వాళ్లలో మన పిల్లలు చాలామంది. సంక్రాంతికి ఇంటికెళ్లడానికి సెలవు దాచుకుని, క్రిస్మస్ డ్యూటీ అడిగి వేయించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసమైనా ఆ రోజు కొన్ని బస్సులు నడపాలి.

సెప్టెంబర్‌లో చదువుకొచ్చిన పిల్లలకు ఇది మొదటి డిసెంబర్ అయితే, తల్లిదండ్రులు ముందే చెప్పి ఉంచండి. బియ్యం, పాలు, కూరగాయలు, వేసుకునే మందులు 24 మధ్యాహ్నానికల్లా తెచ్చుకోవాలి. ఆ సాయంత్రం రైళ్లు తొందరగా ముగుస్తాయి. 25న విమానం ఉంటే కారు వారం ముందే మాట్లాడుకోవాలి. సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది కాబట్టి ఒంటరిగా గదిలో కూర్చోవద్దని చెప్పండి. దగ్గర్లో ఉన్న ఏ తెలుగు కుటుంబానికైనా మొహమాటపడకుండా ఫోన్ చేయమనండి. ఆ రోజు మేమందరం ఇంట్లోనే ఉంటాం. ఎవరో ఒకరం కారేసుకుని వెళ్లి భోజనానికి తీసుకొస్తాం.