టెస్ట్ ఫిక్స్చర్ చరిత్ర

ప్రోగ్రాములోని చిన్న చిన్న భాగాలను విడివిడిగా పరీక్షించే యూనిట్ టెస్టుల కోసం ముందుగా సిద్ధం చేసి పెట్టే సరంజామాను టెస్ట్ ఫిక్స్చర్ అంటారు. డేటాబేస్ చిరునామా, తాత్కాలిక ఫోల్డర్, టైమ్‌అవుట్ విలువ, నమూనా ఖాతాల వివరాలు ఇందులోకి వస్తాయి. దీన్ని టెస్టులన్నీ పంచుకోవాలా, దేనికది కొత్తగా తయారు చేసుకోవాలా అన్న పేచీ మొదటినుంచీ నడుస్తూనే ఉంది.

కెంట్ బెక్ 1994లో ‘ది స్మాల్‌టాక్ రిపోర్ట్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఫిక్స్చర్ పద్ధతికి ఒక రూపం వచ్చింది. స్మాల్‌టాక్ భాష కోసం ఆయన రాసిన టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ ఎస్‌యూనిట్‌లో ప్రతి టెస్టుకు ముందు సరంజామా సిద్ధం చేసే సెటప్, తర్వాత దాన్ని తీసేసే టియర్‌డౌన్ నడుస్తాయి. 1997లో బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటాలోని ఊప్స్‌లా సదస్సుకు విమానంలో వెళ్తూ దీన్ని జావాలోకి తెచ్చారు. అదే జేయూనిట్. అందులో ఒక క్లాసులో పది టెస్టులుంటే పది ఆబ్జెక్టులు పుడతాయి. ఒక టెస్టు ఎంగిలి ఇంకో టెస్టుకు అంటకూడదన్న పట్టుదల అది.

డేటాబేస్ దగ్గర ఆ పట్టుదల సడలింది. ప్రతి టెస్టుకూ కనెక్షన్ తెరిచి, పట్టికలు నింపి, మళ్లీ ఖాళీ చేస్తూ పోతే టెస్టులు నడిపే ఓపిక ఎవరికీ మిగలదు. జేయూనిట్ 3లో టెస్ట్‌సెటప్ అనే తొడుగుతో పని నెట్టుకొచ్చారు; 2006లో వచ్చిన జేయూనిట్ 4, క్లాసంతటికీ ఒకసారే నడిచే బిఫోర్‌క్లాస్‌తో రాజమార్గమే వేసింది. పైథాన్ 2.7 కూడా 2010లో అలాంటిదే అయిన సెటప్‌క్లాస్‌ను చేర్చుకుంది.

వేగంతోపాటు పాత భయమూ నిజమైంది. టెస్టులన్నీ ఒకే కాన్ఫిగరేషన్ డిక్షనరీని వాడుతున్నాయనుకుందాం. ఒక టెస్టు తన అవసరానికి టైమ్‌అవుట్‌ను 30 నుంచి 0కి మార్చి అలాగే వదిలేస్తుంది. తర్వాతి టెస్టు తన తప్పేమీ లేకుండానే ఫెయిలవుతుంది. దాన్నొక్కదాన్నే నడిపితే శుభ్రంగా పాసవుతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం మహా చికాకు. 2001లో ఆరీ వాన్ డ్యూర్సన్, ఆయన సహరచయితలు టెస్టు కోడులోని లోపాలను జాబితా వేస్తూ, టెస్టులో కనిపించని బయటి ఫైలు మీద ఆధారపడటాన్ని ‘మిస్టరీ గెస్ట్’ అన్నారు. జెరార్డ్ మెజారోస్ 2007 నాటి పుస్తకంలో తాజా, ఉమ్మడి ఫిక్స్చర్లను విడదీసి విస్తారంగా చర్చించాడు. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌యూనిట్ డాట్ నెట్ అనే ఫ్రేమ్‌వర్క్ సెటప్‌నే తీసేసి ఆ పనిని కన్‌స్ట్రక్టర్‌కు అప్పగించింది.

2012లో పైథాన్ టెస్టింగ్ సాధనం పైటెస్ట్ 2.3 తెచ్చిన పద్ధతి వీటన్నిటికన్నా తెలివైనది. టెస్టు ఫంక్షన్ తన పారామీటర్లలో ‘కాన్ఫిగ్’ అని రాసుకుంటే, ఆ పేరున్న ఫిక్స్చర్‌ను పైటెస్టే వెతికి తెచ్చి ఇస్తుంది. ఏ టెస్టు దేని మీద ఆధారపడిందో మొదటి లైనులోనే తెలిసిపోతుంది. కాన్ఫ్‌టెస్ట్ ఫైలులో పెట్టిన ఫిక్స్చర్లు ఆ ఫోల్డరులోనూ దాని లోపలి ఫోల్డర్లలోనూ ఉన్న టెస్టులకు ఇంపోర్ట్ లేకుండానే అందుతాయి. ఎంతసేపు ఉంచాలో ‘స్కోప్’ చెబుతుంది: ఏమీ రాయకపోతే ఒక్క టెస్టు వరకే, సెషన్ అంటే టెస్టులన్నీ ఒకసారి నడిచి ముగిసేదాకా ఒకటే. అయితే సెషన్ స్కోప్ ఇచ్చే డిక్షనరీ కూడా అందరూ మార్చగలిగేదే. అందుకే సెట్టింగుల ఫైలును సెషన్‌లో ఒకసారి చదివి, ప్రతి టెస్టుకూ దాని పూర్తి నకలు ఇచ్చే చిన్న ఫిక్స్చర్‌ను పైన కట్టుకోవడం మంచిది.