నేలమాళిగలో కూచున్నవాడి చరిత్ర : మిరోన్ బ్యావొషెవ్‌స్కీ రాసిన వార్సా

1944 ఆగస్టు 1న వార్సా నగరం జర్మన్ ఆక్రమణ మీద తిరగబడింది. 63 రోజులు పోరాడి అక్టోబర్ 2న లొంగిపోయింది. పోరాడి చచ్చినవాళ్లకంటే ఎన్నో రెట్లు సామాన్య జనం చచ్చారు. లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా అని చరిత్రకారుల లెక్క. బతికినవాళ్లను నగరం నుంచి వెళ్లగొట్టి, మిగిలిన ఇండ్లను జర్మన్లు వరసబెట్టి తగలబెట్టారు, పేల్చేశారు. ఈ 63 రోజుల గురించి పోలండులో రాసింది కొండంత ఉంది. అందులో ఎక్కువ భాగం తుపాకీ పట్టినవాడి కథే. మరి నేలమాళిగలో కూచున్నవాడి సంగతి?

అది రాసినవాడు మిరోన్ బ్యావొషెవ్‌స్కీ. 1922లో వార్సాలోనే పుట్టాడు. తిరుగుబాటు నాటికి 22 ఏళ్లు. చేతిలో ఆయుధం లేదు. వోలా నుంచి పాతబస్తీకి, అక్కడ్నుంచి మురుగు కాలువల గుండా నగరం నడిబొడ్డుకి జనంతో పాటు పారిపోయాడు. చివరికి జర్మన్లు పట్టుకుపోయి ఓపొలెలో వెట్టి పనికి పెట్టారు. ఈ కథంతా 'వార్సా తిరుగుబాటు జ్ఞాపకాలు' పేరుతో 1970లో అచ్చయింది. అంటే 26 ఏళ్లకు. రాయాలని ఉన్నా ఇరవై ఏళ్లు రాయలేకపోయానని, నోటితో మాత్రం కనిపించిన వాళ్లందరికీ చెబుతూనే వచ్చానని ఆయనే పుస్తకంలో చెప్పుకున్నాడు.

ఈ మాట దగ్గర మేము ఆగిపోయాం. గాయం నోటిమాటగా బతికి, ఆ తర్వాత గాని కాగితం మీదికి రాలేదు. మా ఇండ్లల్లో చరిత్ర అంటే అమ్మమ్మ చెప్పిందే, రాసిన కాగితం ఒక్కటీ లేదు. అందుకని ఈ పుస్తకం భాష మాకు అంత దూరంగా అనిపించదు. వాక్యం సగంలో తెగుతుంది. బాంబు చప్పుడు చప్పుడుగానే వస్తుంది. 'కాదు కాదు, అది ముందురోజు' అని సరిదిద్దుకునే మనిషి గొంతు వినిపిస్తుంది. నీళ్లు ఎక్కడ దొరికాయి, ఎవరు ప్రార్థన మొదలుపెట్టారు, ఏ గోడ కూలింది, ఎక్కడ పడుకున్నారు - ఇదే ఇందులో చరిత్ర. వీరత్వం లేదని, జాతి త్యాగాన్ని చిన్నది చేశాడని అప్పట్లో విమర్శలొచ్చాయి. వీధిలో మాట్లాడే భాషలో రాస్తే అది సాహిత్యమేనా అని అడిగేవాళ్లు మనకు తెలియనివాళ్లు కాదు గదా.

నిజానికి ఆయన ఈ పని 1970లో కొత్తగా మొదలుపెట్టలేదు. 1949లో సోషలిస్టు వాస్తవికతను అధికార సాహిత్య పద్ధతిగా ప్రకటించారు. ఆ కాలంలో ఆయన కవిత్వానికి చోటు లేదు. మొదటి పుస్తకం 'వస్తువుల భ్రమణాలు' స్టాలిన్ పోయాక, 1956లో గాని రాలేదు. అందులో కవితా వస్తువులు వంటింటి చిల్లుల గరిటె, పొయ్యి, గచ్చు నేల. నగరమంతా బూడిదయిన మనిషికి ఒక పొయ్యి మిగలడమంటే ఏమిటో ఆలోచిస్తే, విమర్శకులు దీన్ని వట్టి ప్రయోగమని ఎందుకన్నారో మాకు అర్థం కాదు.

ఇక ఆయన ఇల్లు. చిత్రకారుడు లేషెక్ సొలిన్‌స్కీతో కలిసి ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కాపురమున్నాడు. రచనల్లో అతను 'లె' అనే పొట్టి పేరుతో వస్తూ పోతూ ఉంటాడు. పక్క గదిలో ఉంటాడు, బయటి నుంచి వస్తాడు, పోట్లాడతాడు. ఇద్దరి సంబంధం ఏమిటని రచయిత ఎక్కడా ప్రకటించడు. దాచిపెట్టాడని కొందరంటారు. మాకలా తోచదు. ప్రకటన లేకుండా రోజువారీ జీవితాన్ని ఉన్నదున్నట్టు పెట్టడమే ఇక్కడ పద్ధతి. భార్యాభర్తల గురించి రాసేవాడిని ఎవరూ ప్రకటన అడగరు గదా.

అయితే భయం లేదని కాదు. పోలండు 1932 శిక్షాస్మృతిలోనే స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. మన దగ్గర 377 నుంచి ఆ మాత్రం విడుదలకు 2018 దాకా ఆగాల్సి వచ్చింది. కానీ చట్టంలో నేరం లేనంత మాత్రాన పోలీసు ఊరుకోలేదు. 1985 నవంబరులో 'హయసింత్' అనే పూలపేరు పెట్టి దేశమంతా దాడులు చేశారు. మగవాళ్లను పట్టుకుపోయి, ప్రశ్నించి, ఫైళ్లు తెరిచారు. 1987 దాకా సాగిన ఈ పనిలో సుమారు 11 వేల మంది మీద ఫైళ్లు తయారయ్యాయని అంచనా. నేరం లేకుండానే జాబితాలోకెక్కడం అంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. బ్యావొషెవ్‌స్కీ దీన్ని చూడలేదు. 1983 జూన్‌లోనే పోయాడు.

1975లో ఆయన ఊరి అంచున కొత్తగా కట్టిన ఎత్తయిన అపార్టుమెంటుకి మారాడు. అప్పటినుంచి చనిపోయేదాకా రాసిన 'రహస్య దినచర్య' 2012లో గాని అచ్చుకాలేదు. అందులో మగవాళ్లతో ప్రేమలు, కోరికలు తెరలేకుండా ఉన్నాయి. చూపులేని కవయిత్రి యద్విగా స్తాన్‌చకోవాతో స్నేహం, జబ్బు, రాత్రిపూట నడకలు, ఎవరొచ్చారు ఎవరెళ్లారు అన్నవి కూడా అంతే వివరంగా ఉన్నాయి. పత్రికలవాళ్లు మొదటి సంగతి పట్టుకుని పరుగెత్తారు. తిరుగుబాటు పుస్తకాన్ని జాతి చరిత్ర అరలోను, దీన్ని సొంత విషయాల అరలోను పెట్టేసేవాళ్లూ ఉన్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మాకు కనబడింది ఒకే చెయ్యి. నేలమాళిగలో పక్కన పడుకున్న మనిషి పేరు రాసుకున్నట్టే, ముప్పయ్యేళ్ల తర్వాత గదిలో పక్కనున్న మనిషి పేరూ రాసుకున్నాడు.