ఒక భూకంపం, రెండు ఫ్రీవేలు, కొన్ని కొత్త దారులు

సాఫ్ట్‌వేర్ పనిలో నాలుగైదేళ్ళు నలిగినవాళ్ళెవరికైనా ఈ సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది. ఏ కంపెనీలోనైనా ఒక పాత సర్వరు ఉంటుంది. దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ భయం. "అది ఆగితే మొత్తం ఆగిపోతుంది" అంటారు. తీరా ఒకరోజు అది దానంతటదే చచ్చిపోతుంది. రెండు గంటలు కిందామీదా పడ్డాక తేలేదేమిటంటే, దానిమీద నిజంగా ఆధారపడ్డవి రెండో మూడో. మిగతావన్నీ అలవాటు కొద్దీ తగిలించినవే. ఎవరూ పట్టించుకోని ఇంకో మూల మెషీను మాత్రం ఆ రెండు గంటలూ భారమంతా మోసి ఉంటుంది.

నగరాల రవాణాలో కూడా ఇలాంటివి జరుగుతుంటాయి. అందులో నాకు బాగా నచ్చిన కథ మా బే ఏరియాదే. ఇక్కడ మనవాళ్ళకి కొదవ లేదు. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫీసులకి వెళ్ళే తెలుగువాళ్ళు బోలెడుమంది. ఎంబార్కడెరో స్టేషన్లో దిగి పైకొచ్చి నాలుగడుగులు వేస్తే ఫెర్రీ బిల్డింగు గడియారం, వరసగా ఖర్జూరపు చెట్లు, ట్రాము పట్టాలు, వాటి వెనక నీళ్ళు. సరిగ్గా అక్కడే ఒకప్పుడు రెండంతస్తుల కాంక్రీటు ఫ్రీవే ఉండేది. దాన్ని తీసేద్దామా అని అడిగితే ఊరు ఓటేసి మరీ వద్దంది! ఆ తర్వాత అది ఎలా పోయిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఓక్లాండ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మధ్యలో నీళ్ళు అడ్డం. 1936లో బే బ్రిడ్జి వచ్చేదాకా దాటాలంటే పడవే గతి. ఆ రోజుల్లో ఫెర్రీ బిల్డింగు ప్రపంచంలోనే బాగా రద్దీగా ఉండే స్టేషన్లలో ఒకటి. వంతెన వచ్చాక 1939 నుంచి దాని కింది అంతస్తులో రైళ్ళు కూడా నడిచాయి. అంటే కారు, రైలు, పడవ, మూడు దారులు. తర్వాత కార్ల కాలం వచ్చింది. 1958లో వంతెన మీద రైళ్ళు ఆగిపోయాయి, పట్టాలు పీకేశారు. అదే ఏడాది ఓక్లాండ్ పడవలూ ఆగిపోయాయి. మరుసటి ఏడాదే, పడవలు ఆగే ఆ ఫెర్రీ బిల్డింగు ముఖానికి అడ్డంగా ఎంబార్కడెరో ఫ్రీవే తెరుచుకుంది. అప్పట్లో దీన్నంతా ప్రగతి అన్నారు. నాకైతే ఒక్క సంవత్సరంలో రెండు బ్యాకప్‌లు తీసేసి అంతా ఒకే మెషీను మీదికి ఎక్కించినట్టు కనిపిస్తుంది.

ఆ ఫ్రీవేని చూసి ఊళ్ళోవాళ్ళకి ఒళ్ళు మండింది. 1959లో నగర పాలక మండలి, వాళ్ళ భాషలో బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్, ప్లానులో ఉన్న పది ఫ్రీవేల్లో ఏడింటిని రద్దు చేసింది. ఎంబార్కడెరో ఫ్రీవే గోల్డెన్ గేట్ బ్రిడ్జిదాకా వెళ్ళాల్సింది, మధ్యలోనే మొండిగా ఆగిపోయింది. కానీ కట్టిన ముక్క అలాగే ఉండిపోయింది. దానిమీద రోజూ వేలకివేల కార్లు. 1986లో "కూల్చేద్దామా?" అని జనాన్ని ఓటు అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. అసహ్యంగా ఉందని తెలుసు, కానీ లేకపోతే ట్రాఫిక్ ఏమైపోతుందో అన్న భయం. పాత సర్వరు కథే.

మూడేళ్ళు తిరిగేసరికి, 1989 అక్టోబర్ 17 సాయంత్రం 5:04కి భూకంపం వచ్చింది. తీవ్రత 6.9, లోమా ప్రియెటా భూకంపం అంటారు. మొత్తం 63 మంది పోయారు. అందులో 42 మంది ఒక్కచోటే, ఓక్లాండ్‌లో సైప్రెస్ అనే రెండంతస్తుల ఫ్రీవే పై అంతస్తు కింది అంతస్తు మీద కూలిపోయి. ఆ సాయంత్రం ఈ రెండు ఊళ్ళ బేస్‌బాల్ జట్ల మధ్యే వరల్డ్ సీరీస్ మ్యాచ్ ఉండటంతో చాలామంది ముందే ఇళ్ళకి చేరారు, లేకపోతే ఆ సంఖ్య ఇంకా పెరిగేదే అంటారు. బే బ్రిడ్జి పై అంతస్తులో ఒక ముక్క కిందకి ఊడిపడింది. వంతెన నెలరోజులు మూతపడింది.

మరి నెలరోజులు ఊరు ఎలా నడిచింది? నీళ్ళకింద ఉన్న బార్ట్ సొరంగానికి ఏమీ కాలేదు. తనిఖీలు చేసుకుని కొన్ని గంటల్లోనే రైళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత రాత్రింబవళ్ళు 24 గంటలూ నడిపారు. అంతకుముందు రోజుకి దాదాపు 2,18,000 మంది ఎక్కే రైళ్ళలో నవంబరులో ఒకరోజు మూడున్నర లక్షల మంది పైగా ఎక్కారు. 1958లో ఆపేసిన ఓక్లాండ్ పడవలు వారం పదిరోజుల్లో తిరిగొచ్చాయి. తాత్కాలికం అనుకున్న ఆ పడవలు వంతెన తెరిచాక కూడా ఆగలేదు, ఇప్పటికీ నడుస్తున్నాయి.

అయితే దీన్ని అదృష్టం అని వదిలేయకూడదు. 1962లో మూడు కౌంటీల జనం బార్ట్ కోసం పన్ను కట్టడానికి ఓటేశారు. 60 శాతం కావాలి, అంతకన్నా ఒక్క శాతం కాస్త పైన వచ్చి గట్టెక్కింది. ఆ ఒక్క శాతం అటుయిటు అయ్యుంటే 1989లో నీళ్ళు దాటడానికి రైలనేదే ఉండేది కాదు. 1974లో తెరిచిన ఆ సొరంగంలో 1979 జనవరిలో రైలు అంటుకుని ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయాడు. రైల్లో సీట్లు అంటుకుంటే విషపు పొగ వస్తుందని అప్పుడు గట్టిగా తెలిసొచ్చి, వాటిని మార్చారు. అంటే 1989లో ఊరిని మోసిన సొరంగం, పదేళ్ళ ముందే ఒక దెబ్బ తిని నేర్చుకున్న సొరంగం.

ఇప్పుడు మన ఎంబార్కడెరో ఫ్రీవే దగ్గరికొద్దాం. అది కూలలేదు గానీ బాగా దెబ్బతింది, మూసేశారు. అందరూ భయపడ్డ ప్రయోగం ఎవరి అనుమతీ లేకుండా మొదలైపోయింది: ఫ్రీవే లేకుండా ఊరు నడుస్తుందా? నడిచింది. ఇబ్బంది పడుతూనే, కానీ నడిచింది. కొందరు వేరే వీధులు పట్టుకున్నారు, కొందరు రైలెక్కారు, కొందరు వేళలు మార్చుకున్నారు. మేయర్ ఆర్ట్ ఆగ్నోస్ ఇదే అదను అని, దీన్ని బాగుచెయ్యొద్దు, తీసేద్దాం అన్నాడు. 1990లో బోర్డు 6-5తో సరేనంది. ఒక్క ఓటు తేడా! 1991 ఫిబ్రవరిలో కూల్చడం మొదలైంది. 2000లో పాతకాలపు ట్రాములు ఆ ఒడ్డు వెంట నడవడం మొదలైంది, 2003లో ఫెర్రీ బిల్డింగు బాగుచేసి తెరిచారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కని నీతికథ అయిపోతుంది. చాలామంది ఇక్కడితోనే ఆపేస్తారు కూడా. కానీ ఆ ఫ్రీవే దిగితే నేరుగా చైనాటౌన్. అక్కడి కొట్లకి, హోటళ్ళకి బయటినుంచి వచ్చే బేరమంతా ఆ దారినే వచ్చేది. అది మూతపడగానే వ్యాపారాలు పడిపోయాయి. మళ్ళీ కట్టమని వాళ్ళు గట్టిగా పోరాడారు. ఓడిపోయారు. 1991 ఎన్నికల్లో ఆగ్నోస్ కూడా ఓడిపోయాడు, చైనాటౌన్ దూరమవడం అందుకు ఒక పెద్ద కారణం అంటారు. ఫ్రీవేకి బదులుగా చైనాటౌన్‌కి రైలు కావాలని రోజ్ పాక్ అనే నాయకురాలు ఏళ్ళ తరబడి వెంటపడింది. ఆ సొరంగ రైలు ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 2022 చివర్లో. భూకంపం తర్వాత 33 ఏళ్ళకి. స్టేషనుకి ఆవిడ పేరు కూడా పెట్టారు, కానీ అప్పటికి ఆవిడ లేదు. ఊరు బలపడింది నిజమే, దానికోసం మూడు దశాబ్దాలు అప్పు మోసింది మాత్రం ఒక పేట. ఇలాంటి విజయగాథలు చదివినప్పుడల్లా నేను వెతికేది ఈ అప్పు ఎవరి ఖాతాలో ఉందా అనే.

ఓక్లాండ్‌లో దీనికి తిరగేసిన కథ. సైప్రెస్ ఫ్రీవే 1957లో వెస్ట్ ఓక్లాండ్ అనే నల్లజాతివాళ్ళ పేటని రెండుగా చీలుస్తూ కట్టింది. అది కూలాక అదే చోట కట్టెయ్యడం తేలిక. కానీ పేటవాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఫ్రీవేని రైల్వే యార్డుల వైపు చుట్టుతిప్పి కట్టారు, 1997లో తెరిచారు. పాత దారిలో ఇప్పుడు చెట్లున్న రోడ్డు, పేరు మండేలా పార్క్‌వే. ఖర్చు బాగా పెరిగింది, టైమూ పెరిగింది. అయినా ముప్ఫై ఏళ్ళుగా పేటవాళ్ళు మోస్తున్న బరువు వాళ్ళ నెత్తిమీంచి దిగింది.

పడినవన్నీ తీసేయాలని నేననడం లేదు. 2007 ఏప్రిల్ 29న ఓక్లాండ్ దగ్గర పెట్రోలు ట్యాంకరు తగలబడి ఆ మంటకి మేజ్ అనే కూడలిలో ఒక ఫ్రీవే వంపు కూలింది. మర్నాడు రైళ్ళూ బస్సులూ ఉచితంగా నడిపారు. ముందే కట్టిస్తే రోజుకి రెండు లక్షల డాలర్ల బహుమానం అని కాంట్రాక్టు ఇస్తే, నెల తిరక్కుండానే కట్టేశారు. అది నిజంగా కావల్సిన ముక్క. ఏది కావాలో ఏది అలవాటో తేల్చుకోవడమే అసలు పని.

అలవాటు అంటే గుర్తొచ్చింది. మంచి దారి ఉంటే జనం ముందే వెతుక్కోరా, దెబ్బ తగిలేదాకా ఎందుకు ఆగుతారు అని ఎవరికైనా అనుమానం రావాలి. దీనికి లండన్‌లో లెక్కలు కట్టినవాళ్ళున్నారు. 2014 ఫిబ్రవరిలో అక్కడ రెండ్రోజులు భూగర్భ రైళ్ళ సమ్మె జరిగింది. 270 స్టేషన్లలో 171 మూతపడ్డాయి. లార్కమ్, రౌఖ్, విల్లెమ్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు జనం ప్రయాణ కార్డుల డేటా తీసి సమ్మెకి ముందూ తర్వాతా పోల్చారు. ఇరవైమందిలో ఒకరు సమ్మె ముగిశాక కూడా పాతదారికి తిరిగి రాలేదు. రోజూ వెళ్ళే దారే, ఏళ్ళ తరబడి, అయినా అంతకన్నా మంచిదుందని తెలియలేదు! రైలు మ్యాపు అసలు దూరాలని ఎక్కువగా వంకర చేసి చూపించే చోట్ల ఇలా మారినవాళ్ళు ఎక్కువ. డాక్యుమెంటేషన్ తప్పుగా ఉంటే జనం దాన్నే నమ్ముకుని బతికేస్తారని మనకి తెలియనిదా :)

కానీ పక్కదారి ఉన్నప్పుడే ఇది సాధ్యం. లండన్‌లో బస్సులున్నాయి, వేరే రైళ్ళున్నాయి. మన హైదరాబాదులో 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు ఆర్టీసీ సమ్మె జరిగింది. మెట్రో స్టేషను దగ్గరున్నవాళ్ళు మెట్రో ఎక్కారు, ఆ రోజుల్లోనే మెట్రో ప్రయాణికులు రోజుకి నాలుగు లక్షలు దాటారు. లేనివాళ్ళు ఆటోలకి అడిగినంత ఇచ్చుకున్నారు. సమ్మె అయ్యాక ఏం జరిగింది? చార్జీలు పెంచారు, నగరంలో తిరిగే సిటీ బస్సులు తగ్గించారు. ఎక్కడ ఏ బస్సు లేక జనం అల్లాడారో ఆ 52 రోజులే చూపించాయి. ఆ పాఠంతో బస్సులు ఎక్కడ పెంచాలో చూడాల్సింది పోయి, మొత్తమ్మీద కోత పెట్టారు. ఒకే రకం దెబ్బ ఒక ఊరిని బలపరుస్తుంది, ఇంకో ఊరిని బలహీనం చేస్తుంది. తేడా దెబ్బలో లేదు, తర్వాత కూర్చుని తీసుకునే నిర్ణయంలో ఉంది.

ఒకసారి నేర్చుకున్న ఊరు ఎప్పటికీ గట్టిగా ఉంటుందనీ లేదు. 1989 హీరో బార్ట్‌నే చూడండి. భూకంపం పాఠంతో 2004లో 98 కోట్ల డాలర్ల బాండ్లకి ఓటేయించుకుని సొరంగాన్నీ స్తంభాలనీ గట్టిపరిచింది. 2020లో వచ్చింది భూకంపం కాదు, కోవిడ్. అప్పటిదాకా నడిపే ఖర్చులో సగానికి పైగా టికెట్ల మీదే వచ్చేది. జనం తొంభై శాతానికి పైగా తగ్గిపోయారు. 2024కి కూడా పాత సంఖ్యలో సగం చేరలేదు. 2025 మే 9న కంప్యూటర్ నెట్‌వర్క్ సమస్యతో పొద్దున్నే రైళ్ళు అసలు బయల్దేరనేలేదు. స్తంభాలు గట్టివే, జమాఖర్చులూ కేబుళ్ళూ కాదు. పోయినసారి ఎక్కడ విరిగిందో అక్కడే ఇనుము వేస్తాం, ఈసారి ఇంకోచోట విరుగుతుంది.

అందుకే "సంక్షోభమే అవకాశం" అని ఎవరైనా స్లైడు వేస్తే నాకు చిరాకు. సైప్రెస్ కింద పోయిన 42 మందికి అది అవకాశం కాదు. దెబ్బ మనకేమీ ఇవ్వదు, ఉన్నది చూపిస్తుందంతే. 1962లో ఎవరో పన్ను కట్టి పెట్టిన రెండో దారి ఉంటే అది కనపడుతుంది, లేకపోతే లేదన్న సంగతి కనపడుతుంది. రెండో దారికి డబ్బు అడిగినప్పుడల్లా "ఉన్నది బాగానే నడుస్తోందిగా" అనే మాట వినిపిస్తుంది. 1958లో పట్టాలు పీకినవాళ్ళూ అదే అనుకుని ఉంటారు. మీ ఊళ్ళో ఇప్పుడు ఒకే ఒక్క ఫ్లైఓవరు మీదో, ఒకే ఒక్క రైలు లైను మీదో ఎంతమంది ఆధారపడి ఉన్నారో, అది ఒక నెల ఆగితే ఎవరు ఎటు నుంచి వెళ్తారో ఒకసారి లెక్కేసి చూడండి.