పాత నెట్‌వర్కు కార్డు కథ

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో కంప్యూటరు గొడవ యేలయని మాచర్ల, గురజాల ప్రాంతపు చదువరులు శంకింపవచ్చును. ఒకరు వ్రాసినదానిని పదుగురు చదివి దిద్దుకొనుట లినక్సు చరిత్ర. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగున పలికించుటయు అట్లే సాధ్యమైనది.

1973లో అమెరికాలోని జెరాక్సు పరిశోధనశాలయందు రాబర్టు మెట్కాఫ్ ఈథర్నెట్ పద్ధతిని ప్రతిపాదించెను. ఒకే తీగపై పెక్కు యంత్రములు మాటలాడుకొనుట దాని మర్మము. రచ్చబండకడ ఇరువురు ఒక్కసారి నోరు విప్పినచో ఇద్దరును ఆగి, కొంత తడవు నిలిచి, తిరిగి పలుకుదురు. తీగపై నడవడియు నట్టిదే. కంప్యూటరునకు ఆ నోటిని, చెవిని అమర్చునది నెట్‌వర్కు కార్డు. నోవెల్‌వారి ఎన్.ఇ.2000 కార్డు వాసికెక్కగా, దానికి చవుక నకళ్లు కొల్లలుగా వెలువడినవి.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమునకు విడిచెను. కార్డును నడపు డ్రైవరు లేనిదే యంత్రము మూగది. ఆ కొరత తీర్చినవారిలో అగ్రగణ్యుడు నాసాలో పనిచేసిన డొనాల్డు బెకర్.

పాత కార్డును కుదుర్చుటకు రెండు సంఖ్యలు వలయును. ఒకటి యింటి నంబరు వంటిది. రెండవది అది యంత్రమును పిలుచు గంట. ఎన్.ఇ.2000కు కర్మాగారమున నిర్ణయించినవి 300, 3. ఆ 300 పదునారు మూలముగాగల లెక్కలోనిది. మన లెక్కలో 768. కార్డుపై జంపరులనెడి చిన్న తొడుగులను మార్చి వీనిని సవరించెడివారు. రెండవ సీరియల్ ద్వారమునకును గంట 3 యే. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్‌ను ప్రజలకు తెరచిన పిమ్మట, ఆ ద్వారమున మోడెము తగిలించినచోట ఈ రెంటికిని వైరము తప్పెడిది కాదు. దాయాదుల పోరు పల్నాటివారికి వేరుగ చెప్పవలెనా? కార్డును 5కు మార్చిన తగవు తీరును, అక్కడ సౌండు కార్డు కాచుకొని లేకున్నచో!

లినక్సు తానే వెదకుకొనరాదా యందురేమో. ఆనాటి కార్డులలో ఒకదానికై తట్టిన మరొకటి బెదరి యంత్రమే స్తంభించెడిది. అందుచే డ్రైవరును మాడ్యూలుగా ఎక్కించునపుడు ఇంటి నంబరును మనుజుడే చెప్పవలెనని నియమించిరి. పిదప వచ్చిన పి.సి.ఐ. కార్డులు తమ వివరములు తామే చెప్పుకొనుటచే ఈ శ్రమ మరుగుపడెను.

2012లో టోకెన్ రింగ్ కార్డులకు, 2013లో 386 యంత్రములకు క్రొత్త లినక్సు సెలవు చెప్పెను. అయినను పాత ప్రతులు అందరకు తెరచియే యున్నవి. కావలసినవారు తెచ్చి నడపుకొనవచ్చును. దుర్లభమైనది జంపరుల పట్టిక ముద్రించిన కాగితము. నరసరావుపేటలో ఏ పాత సామానులనడుమనైన అట్టి కార్డు కంటబడినచో, పెట్టెలోని కాగితమునుగూడ అడిగి తెచ్చి మన గ్రంథాలయమున నిండు.