రోగి నుదుటిమీది నూనె
(రేడియో ప్రసంగము)



కొంతకాలము క్రితము ఒక ఇంట రోగి కొరకు ప్రార్థించుటకు వెళ్లితిని. ఆ తల్లి రెండు సీసాలు నా ముందుంచి, "అయ్యగారూ, వీటిలో ఏ నూనెకు బలమెక్కువండీ?" అని అడిగినది. రెండును డబ్బు పెట్టి కొన్నవే. వాటిని నమ్మి షుగరు మాత్రలు కూడ మానివేసినది.

ఆమె ప్రశ్నకు జవాబును వాక్యములోను, సంఘ చరిత్రలోను వెదకుదము.

బైబిలులో రెండు విధములైన నూనె కనబడుచున్నది. మొదటిది నిర్గమకాండము 30వ అధ్యాయములోనిది. గోపరసము 500 తులములు, ఇతర సుగంధ ద్రవ్యములు, ఒలీవ నూనె కలిపి చేసినది. అది ప్రత్యక్షపు గుడారమును, అహరోనును, అతని కుమారులను ప్రతిష్ఠించుటకు మాత్రమే. అటువంటిది మరి ఎవరును చేయరాదని 32, 33 వచనములు హెచ్చరించుచున్నవి. ఆ పాళ్లు చెప్పి సీసాలు అమ్మువారు ఈ వచనములు కూడ చదువవలెను గదా!

రెండవది ఇంటి నూనె. దీపమునకు, వంటకు, గాయమునకు వాడునది. మంచి సమరయుడు గాయములపై పోసినది ఇదే. శిష్యులు రోగులకు రాసినట్లు మార్కు 6:13 లో చదువుచున్నాము. యాకోబు 5:14 లో పెద్దలు ప్రభువు నామమున రాయవలసినదియు నూనెయే. దానికి పాళ్లు లేవు, వెల లేదు. రోగిని స్వస్థపరచునది విశ్వాస సహితమైన ప్రార్థన అని తరువాతి వచనము చెప్పుచున్నది.

ఆదిమ సంఘములో ఈ నూనె విశ్వాసుల ఇండ్లకు చేరెను. బిషప్పు ప్రతిష్ఠించిన నూనెను గురువులే గాక క్రైస్తవులందరును తమ అవసరములో వాడుకొనవచ్చునని రోమా పోపు మొదటి ఇన్నోసెంటు 416లో వ్రాసెను. కాలక్రమమున అది గురువుల చేతికే పరిమితమై, మరణశయ్యకు చేరెను. మరణభయమున్న రోగికి తప్ప దీనిని ఇయ్యరాదని 1439లో ఫ్లోరెన్సు సభ నిర్ణయించెను. స్వస్థత కొరకైన నూనె చావుకు గురుతైపోయెను! యాకోబు చెప్పినది రోగి లేచుట కొరకు గదా అని లూథరు 1520లో ప్రశ్నించెను. 1549 నాటి ఇంగ్లండు సంఘ ప్రార్థనా గ్రంథములో రోగికి నూనె రాయు క్రమముండెను గాని, 1552లో దానిని తీసివేసిరి.

1963లో రెండవ వాటికను మహాసభ, ఇది మరణించువారికి మాత్రమే కాదనియు, దీనిని వ్యాధిగ్రస్తుల అభ్యంగనమని పిలుచుట మేలనియు ప్రకటించెను. ఒలీవ నూనె దొరకని చోట మొక్కల నుండి తీసిన మరియొక నూనె వాడవచ్చునని 1972లో పోపు ఆరవ పౌలు అనుమతించెను.

చూచితిరా శ్రోతలారా! ఒకప్పుడు మనుష్యులు ఈ నూనెను చావుకు అప్పగించిరి. నేడు కొందరు అంగడికి అప్పగించుచున్నారు. రెండు చోట్లను రోగి కన్నులు ప్రభువు మీదనుండి సీసా మీదికి మరలినవి.

ఆ తల్లితో నేనిట్లంటిని: "బలము నూనెలో లేదమ్మా, ప్రభువులో ఉన్నది. మాత్రలు మానవద్దు. సమరయుడు గాయము కట్టి, పూటకూళ్ల ఇంటికి కూడ తీసికొనిపోయెను గదా." తరువాత వంటింటిలోని నువ్వుల నూనె తెమ్మని, ఆమె నుదుట రాసి, పెద్దలతో కలిసి ప్రార్థించితిని. మరునాడు ఆమె కుమారుడు ఆమెను డాక్టరు దగ్గరకు తీసికొనిపోయెను.

క్రీస్తు అనగా అభిషిక్తుడు. ఆయన యొద్దకు వచ్చుటకు సీసా కొనవలసిన పని లేదు. మీ ఇంట రోగియున్న యెడల సంఘపు పెద్దలను పిలువుడి, వైద్యుని కూడ పిలువుడి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.