తెలుగు ముద్రక్రింది స్పెయిను వెండి

చెన్నపట్టణపు కుంపిణీ టంకశాలలో 1808 ప్రాంతమున అచ్చువేసిన అరవరహా యను వెండినాణెముపై ఒకవైపున నక్షత్రముల నడుమ గోపురమును, రెండవవైపున విష్ణుమూర్తియు నుండును. చుట్టును ఇంగ్లీషు, పారసీ, అరవము, తెలుగు లిపులలో దాని విలువ వ్రాయబడియున్నది. ఇది మన నాణెమే యని యెవరైనను చెప్పుదురు. కాని కొన్నిటిని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూచినచో, గోపురపు అంతస్తుల సందున వేరొక అక్షరపంక్తియో, రాజచిహ్నపు తునకయో, మానిన పుండు మచ్చవలె అగపడును. అది స్పెయిను రాజుపేర అమెరికాలో పుట్టిన డాలరు. కొత్త అచ్చు దానిపైననే పడినది.

అట్టి వెండి మన తీరమునకు వచ్చుటకు కారణము బట్టలు. గోదావరి మండలమున ఇంజరములో ఇంగ్లీషువారును, పాలకొల్లు, జగన్నాథపురములలో మనవారు ఒలందాలనెడి డచ్చివారును బట్టలు కొనిరి. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరే మడపొల్లమను గుడ్డపేరై ఐరోపా యంగళ్లకెక్కినది. వారి సరకులు మనవారికి అంతగా పనికిరానందున వెండి తేక తీరలేదు. ఆ వెండిలో విశేషభాగము మెక్సికో, పెరూ గనులది.

బయలుదేరిన ఓడలన్నియు చేరలేదు. 1740లో బటావియాకు పోవుచున్న రూస్‌వైక్ అను డచ్చి ఓడ ఇంగ్లండు ఆగ్నేయతీరమున గుడ్విన్ ఇసుకతిప్పలపై మునిగెను. దానినుండి మెక్సికో నాణెములును వెండికడ్డీలును మన కాలమున వెలికివచ్చినవి. ఆ తిప్పలమీదనే 1809లో అడ్మిరల్ గార్డనర్ అను కుంపిణీ ఓడయు పోయెను. అందున్నవి మద్రాసు రాజధానికై చేసిన 10, 20 కాసుల రాగినాణెములు. మన సంతలలో చేతులు మారవలసిన కాసులు నూటడెబ్బదేండ్లకు పైగా ఇసుకలో పడియుండి, 1980 దశకమున రాసులుగా పైకి వచ్చినవి.

ఉప్పునీటిలో వెండి నల్లబడి తినబడును గాన, తూకము తగ్గినంతమాత్రమున దొంగనాణెమనరాదు. ఎనిమిది రియాళ్ల నిండునాణెము సుమారు 27 గ్రాములు తూగవలెను. సుత్తిదెబ్బతో నొత్తిన పాత వంకరబిళ్లలపై సంవత్సరము తరచు అంచుతోపాటు పోయియుండును. 1732 మొదలు మెక్సికోలో యంత్రముతో చేసినవానిపై రెండు స్తంభములును, నడుమ అలలమీద రెండు భూగోళములును కనబడును. 1772 నుండి రాజుతల వచ్చినది. అంచున అతుకుగీత యున్నచో అది మూసలో పోసిన నకలే.

వీనియన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచునది టంకశాల గుర్తు. 'ఎం' అను అక్షరముపై చిన్న సున్న యున్నచో మెక్సికో. 'పి' గాని, తరువాతికాలమున పి, టి, ఎస్ అక్షరముల ముడి గాని యున్నచో పొటోసీ. ఆ కొండలో వెండి 1545లో బయటపడినది. 1570 దశకము నుండి చుట్టుపట్ల మూలవాసుల గ్రామములు వయసువచ్చిన మగవారిలో ఏడవవంతును వంతులవారీగా గనులకు పంపవలసియుండెను. దాని పేరు మీతా. మనకు తెలిసిన మాట వెట్టి. కూలి యిచ్చిరి, అది కడుపునకు చాలెడిది కాదు. 1812 వరకు ఆ పద్ధతి రద్దు కాలేదు. మెక్సికో గనులలోనన్ననో, కూలికి వచ్చినవారే యెక్కువ. ఇక్కడ మగ్గము ముందు బయానాకు కట్టుబడి కూర్చున్న సాలెవానికి ఈ భేదము తెలియు మార్గమే లేదు.

మన షరాబులు అక్షరమును చూడలేదు, గీటురాయినే చూచిరి. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. స్పెయిను ప్రభుత్వమే 1772లోను, 1786లోను చాటుగా వెండిపాలు తగ్గించినది. రాజుతలను నమ్మినవాడు నష్టపడెను. వచ్చిన డాలర్లలో చాలవరకు కరగి రూపాయలై, కడియములై, మొలత్రాళ్లై ఆనవాలు లేకపోయినవి. కరగింపక పైననే అచ్చువేసిన అరవరహాలలో మాత్రము పాతముద్ర కొంత మిగిలినది.

విష్ణుమూర్తి కలదని అట్టిదానిని దేవతార్చనపెట్టెలో ఉంచుకొన్నవారు దానిని చింతపండుతో తోమరాదు; అడుగక్షరము ముందుగా పోవును. పొలము దున్నగా పాతనాణెములు దొరికి, విలువ పదిరూపాయలు మించినచో, 1878నాటి నిధుల చట్టమును బట్టి కలెక్టరునకు తెలుపవలెను. కంసాలి కొలిమికి పంపరాదు. ఇంటనున్న నాణెమునైతే దీపము ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టి, మెల్లగా త్రిప్పుచు, గోపురము చుట్టును 'పి' కలదేమో చూడవలెను.