ఇంటి బయటి మెరుపు రంగు: భిలాయి వాతావరణంలో ఎంపిక, వాడకం

దసరా ముగిసి దీపావళి సమీపించే రోజుల్లో భిలాయి టౌన్‌షిప్ సెక్టార్లలో ఇళ్లకు రంగులు వేసే పని ఊపందుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పండుగ ముందు మట్టి గోడలను ఛుహీ అనే తెల్లమట్టితో అలుకుతారు. తెలుగు నాట పండుగకు ఇళ్లకు సున్నాలు వేస్తారు. ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ రెండు ఆచారాలనూ ఎరిగినవే. నేడు ఆ స్థానాన్ని పెయింటు డబ్బాలు ఆక్రమించాయి.

ఖరీదైన రంగు వేయించినా, మరుసటి వానాకాలం ముగిసేసరికి గేటు అంచుల్లో తుప్పు తేలడం, గోడపై పూత పెచ్చులుగా లేవడం ఎందరికో ఎదురవుతున్న అనుభవం. ఈ వైఫల్యానికి చాలా సందర్భాల్లో డబ్బాలోని రంగు కారణం కాదు. ఉపరితలానికి తగని రంగును ఎంచుకోవడం, అడుగు శుభ్రం చేయకపోవడం, తడి ఆరకముందే పని మొదలుపెట్టడం అనే మూడు పొరపాట్లే ప్రధాన కారణాలు. పాత పూతను గీకేటప్పుడు రేగే ధూళిలో సీసం ఉండే అవకాశం మరింత జాగ్రత్త అవసరమైన విషయం.

ఉక్కు నగరం, ఎండ, వాన, ధూళి

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నెలకొల్పే ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. కర్మాగారంతో పాటే సెక్టార్ల వారీగా టౌన్‌షిప్ రూపుదిద్దుకుంది. నాటి క్వార్టర్లలో అనేకం నేటికీ నివాసయోగ్యంగా ఉన్నాయి. వాటి కిటికీ గ్రిల్లులపై, తలుపులపై దశాబ్దాల పూతలు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి.

ఈ ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకడం అరుదు కాదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు నైరుతి రుతుపవనాల కాలం. ఏటా 1,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. శీతకాలపు ఉదయాల్లో ఇనుప గేట్లపై మంచు నీరు చేరుతుంది. విశాఖపట్నం తీరంలో ఇనుముకు ప్రధాన శత్రువు సముద్రపు ఉప్పుగాలి. సముద్రానికి దూరంగా ఉన్న భిలాయిలో ఆ బెడద లేదు. ఇక్కడి సమస్య ఎండకు వ్యాకోచించి రాత్రికి సంకోచించే లోహం, నెలల తరబడి వాన, పారిశ్రామిక ప్రాంతపు ధూళి. పూతపై పేరుకున్న ధూళి తేమను పట్టి ఉంచుతుంది. పూతలో సన్నని చీలిక ఉన్నా ఆ తేమ దాని గుండా లోహాన్ని చేరుతుంది.

మెరుపు రంగు స్వభావం

ఇళ్ల గేట్లకు, గ్రిల్లులకు, తలుపులకు వాడే నిగనిగలాడే రంగును వాడుకలో ఎనామిల్ అంటారు. ఇందులో వర్ణకాన్ని పట్టి ఉంచే పదార్థం సాధారణంగా ఆల్కిడ్ రెసిన్. నూనెతో కలిపి తయారుచేసే ఈ రెసిన్, ద్రావకం ఆవిరైన తరువాత గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి గట్టిపడుతుంది. పూత పైభాగంలో రెసిన్ నునుపైన పొరగా ఏర్పడినందున కాంతి సూటిగా పరావర్తనం చెంది మెరుపు వస్తుంది. నునుపైన ఉపరితలంపై ధూళి తక్కువగా నిలుస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఈ రెసిన్‌ను క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. మొదట మెరుపు తగ్గుతుంది. తరువాత చేతితో రుద్దితే సుద్దపొడి వంటిది అంటుతుంది. ఈ దశలోనే కడిగి, గరుకు చేసి పైపూత వేస్తే ఖర్చు స్వల్పం. పూత పగిలి తుప్పు పట్టేవరకు ఆగితే మొత్తం గీకి మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాల్సి వస్తుంది.

ఏ ఉపరితలానికి ఏ రంగు

ఇనుము: గేట్లు, గ్రిల్లులు, మెట్ల కమ్మీలకు బయటి వాడకపు సింథటిక్ ఎనామిల్ అనువైనది. దాని కింద తుప్పును నిరోధించే ప్రైమర్ తప్పనిసరి. వెల్డింగ్ దుకాణం నుంచి వచ్చే కొత్త గేటుకు ఎర్రని పూత ఉన్నంత మాత్రాన ప్రైమర్ వేసినట్టు భావించరాదు. చాలాసార్లు అది పలుచన చేసి, తుప్పు మీదనే పూసిన రంగు. బ్లేడుతో గీకి చూస్తే అసలు స్థితి తెలుస్తుంది.

గాల్వనైజ్డ్ రేకు: జింకు పూత గల రేకుపై ఆల్కిడ్ ఎనామిల్‌ను నేరుగా వేయరాదు. రంగులోని నూనె ఆమ్లాలు జింకుతో చర్య జరిపి సబ్బు వంటి పొరను ఏర్పరుస్తాయి. ఫలితంగా కొన్ని నెలల్లోనే పూత పొరలుగా ఊడిపోతుంది. కార్ల షెడ్డు రేకులపై తరచూ కనిపించే వైఫల్యం ఇదే. ముందుగా గాల్వనైజ్డ్ లోహానికి ప్రత్యేకించిన ప్రైమర్ వేయాలి.

కలప: ద్వారబంధాలకు, కిటికీ రెక్కలకు మొదట కలప ప్రైమర్, గంట్లు పూడ్చేందుకు లప్పం, ఆపై ఎనామిల్ అన్నది క్రమం. కలప నీటిని అధికంగా పీల్చేది కోసిన చివరల నుంచే. తలుపు అడుగు అంచుకు రంగు వేయకుండా వదిలేస్తే మిగతా పూత ఎంత బాగున్నా తలుపు ఉబ్బుతుంది. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల పూత పట్టు తగ్గుతుంది కనుక ప్రైమర్‌కు ముందు టర్పెంటైన్‌తో తుడవాలి.

సిమెంటు గోడ: బయటి గోడలకు ఆల్కిడ్ ఎనామిల్ తగదు. కొత్త సిమెంటులోని క్షారం ఈ రెసిన్‌ను సబ్బుగా మార్చి మెత్తబరుస్తుంది. అంతేగాక నిగనిగలాడే గట్టి పొర గోడలోని తేమను బయటకు పోనివ్వదు. తేమ వెనుక నుంచి నెట్టగా బుడగలు వస్తాయి. గోడలకు బయటి వాడకపు యాక్రిలిక్ ఎమల్షన్ మేలు. మెరుపు కావాలనుకుంటే అదే తరగతిలో నిగారింపు గల రకాలు దొరుకుతాయి. కొత్త గిలాబాను కనీసం 28 రోజులు ఆరనిచ్చిన తరువాతే రంగు పని చేపట్టాలి.

డబ్బా కొనేముందు

భారతీయ ప్రమాణాల్లో బయటి వాడకపు సింథటిక్ ఎనామిల్‌కు ఐఎస్ 2932, లోపలి వాడకపు ఎనామిల్‌కు ఐఎస్ 133 వర్తిస్తాయి. ధర తక్కువని లోపలి రకాన్ని గేటుకు వేయిస్తే ఎండకు త్వరగా మెరుపు కోల్పోతుంది. డబ్బాపై ప్రమాణ సంఖ్య, తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య, ఏ ఉపరితలాలకు ఉద్దేశించినదన్న వివరం చూడాలి. ప్రైమర్, పైపూత ఒకే తయారీదారువి అయితే ఒకదానితో ఒకటి పొసగకపోవడమన్న సమస్య తలెత్తదు.

ముదురు రంగులు ఎండను అధికంగా గ్రహిస్తాయి. పడమటి ఎండ పడే ఇనుప గేటుకు నలుపు కంటే లేత బూడిద రంగు వేస్తే లోహం తక్కువగా వేడెక్కుతుంది. పూతపై ఒత్తిడీ తగ్గుతుంది. తెల్లరంగుపై మాత్రం ధూళి మరకలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఎంత రంగు కావాలన్నది సులభంగా లెక్కించవచ్చు. ఒక లీటరు ఎనామిల్ ఒక పూతకు సుమారు 10 నుంచి 12 చదరపు మీటర్లకు సరిపోతుంది. మూడు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు గల రేకు గేటు రెండు వైపులా కలిపి 9 చదరపు మీటర్లు. రెండు పూతలకు 18 చదరపు మీటర్లు, అంటే సుమారు రెండు లీటర్లు.

పాత పూతలో సీసం

ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదని, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటరాదని, కేంద్ర ప్రభుత్వం 2016 నవంబరు 1న నిబంధనలు జారీ చేసింది. అవి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు తయారైన ఎనామిళ్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసపు వర్ణకాలు ఉండే అవకాశం ఎక్కువ. పాత క్వార్టర్ల గ్రిల్లులపై పేరుకున్న పూతలను ఈ దృష్టితో చూడవలసి ఉంటుంది.

సీసానికి సురక్షితమైన పరిమితి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పిల్లల మెదడు ఎదుగుదలపై దాని ప్రభావం శాశ్వతంగా ఉండిపోవచ్చు. కిటికీ గట్టుపై పడిన ధూళి చేతుల ద్వారా పిల్లల నోటికి చేరుతుంది. అందువల్ల పాత ఎనామిల్‌ను పొడిగా రుద్దరాదు. మంట పెట్టి కాల్చి తీయరాదు. ఉపరితలాన్ని నీటితో తడిపి, నీటిని తట్టుకునే ఎమరీ కాగితంతో రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరచి, ఊడిన పెచ్చులను అందులోనే మూటగట్టాలి. వాటిని కాల్చరాదు. పని జరిగే చోటికి పిల్లలను, గర్భిణులను రానీయరాదు. నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పని చేసేవారు ధూళిని ఆపగల మాస్కు ధరించి, భోజనానికి ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. పనిదుస్తులను విడిగా ఉతకాలి.

అడుగు సిద్ధం చేయడం

గట్టిగా పట్టుకుని ఉన్న పాత పూతను పూర్తిగా తీయనక్కరలేదు. దాని పట్టును తెలుసుకునే చిన్న పరీక్ష ఉంది. సన్నని బ్లేడుతో పూతపై ఇంటూ గుర్తులా రెండు గీతలు గీసి, అంటుకునే టేపును గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగాలి. రంగు టేపుతో పాటు వస్తే ఆ పూతను తొలగించాలి. రాకపోతే సబ్బునీటితో కడిగి, మెరుపు పోయేవరకు తడి ఎమరీ కాగితంతో గరుకు చేస్తే చాలు. నున్నని పాత మెరుపుపై కొత్త పూత నిలవదు.

తుప్పు పట్టిన చోట ఇనుప బ్రష్షుతో పొలుసులన్నీ రాలేవరకు తోమాలి. కీళ్లు, వెల్డింగ్ అతుకులు, కమ్మీల కింది వైపు ప్రత్యేకంగా చూడాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే. కిరోసిన్‌తో తుడిస్తే జిడ్డు పొర మిగులుతుంది కనుక మినరల్ టర్పెంటైన్ వాడాలి. శుభ్రం చేసిన ఇనుముపై అదే రోజు ప్రైమర్ వేయాలి. ఒక రాత్రి ఆగితే మంచు తడికి మళ్లీ తుప్పు పొర ఏర్పడుతుంది. ప్రైమర్ వేసి నెలల తరబడి పైపూత లేకుండా వదిలేయడం కూడా నష్టమే. ప్రైమర్ పొర తనంతట తాను వానను తట్టుకోలేదు.

చదరపు అడుగు లెక్కన పని ఒప్పుకున్నప్పుడు హడావుడిలో ముందుగా కుదించుకుపోయేది ఈ శుభ్రతే. గీకడం, రుద్దడం, ప్రైమర్, రెండు పూతలు వేర్వేరు అంశాలుగా ఒప్పందంలో రాసుకుని, ప్రతి దశ చూసిన తరువాతే తదుపరి దశకు అనుమతిస్తే వివాదానికి తావుండదు.

వేసే కాలం, వేసే విధానం

భిలాయిలో బయటి రంగు పనికి అక్టోబరు ద్వితీయార్ధం నుంచి మార్చి ఆరంభం వరకు అనువైన సమయం. రుతుపవనాలు ఆలస్యంగా వైదొలగిన ఏడాది, పండుగ తేదీ దగ్గరపడిందని తడి గోడలపై రంగు వేయించడం కన్నా పండుగకు శుభ్రం చేసి, రంగు పనిని నవంబరుకు వాయిదా వేయడం లాభదాయకం. శీతకాలంలో మంచు తడి పూర్తిగా ఆరిన తరువాత పని మొదలుపెట్టి, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే ముగించాలి. వేసవిలో ఎండకు కాలిన రేకుపై రంగు వేస్తే ద్రావకం వెంటనే ఆవిరై కుంచె చారలు, ముడతలు మిగులుతాయి.

డబ్బాను అడుగు నుంచి బాగా కలిపిన తరువాతే రంగు తీయాలి. తయారీదారు సూచించిన దానికి మించి టర్పెంటైన్ కలిపితే పూత పలుచబడి, మెరుపు, మన్నిక రెండూ తగ్గుతాయి. ఒక మందపాటి పూత కన్నా రెండు పలుచని పూతలు మేలు. మందంగా వేస్తే పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. రెండు పూతల మధ్య కనీసం ఒక రాత్రి విరామం ఇవ్వాలి. పదునైన అంచులపై రంగు పలుచబడుతుంది కనుక ముందుగా అంచులకు కుంచెతో ఒక చారిక వేసి, తరువాత మొత్తం పూయాలి.

ఎనామిల్, నూనె అంటిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేయరాదు. ఆక్సీకరణ వల్ల వాటిలో వేడి పెరిగి తమంతట తామే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని ఆరుబయట పరచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో వేయాలి. మిగిలిన రంగును, టర్పెంటైన్‌ను మురుగు కాలువలో పోయరాదు.

నిర్వహణ

ఏటా రెండుసార్లు, వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి, గేట్లను, గ్రిల్లులను మెత్తని సబ్బునీటితో కడిగితే ధూళి, దానితో పాటు తేమ తొలగుతాయి. అదే సమయంలో అతుకులను పరిశీలించి, తుప్పు చుక్క కనిపించిన చోట గీకి, ప్రైమర్, పైపూత అద్దాలి. ఇందుకోసం కొద్దిపాటి రంగును మూత బిగించి దాచుకోవడం మంచిది. అరగంట పట్టే ఈ పని మొత్తం గేటుకు మళ్లీ రంగు వేయించే ఖర్చును సంవత్సరాల పాటు వాయిదా వేస్తుంది.